ఫొటోలో కనపడ్డ నీళ్లు మీరు వెళ్లే రోజున ఉంటాయా? ఆంధ్రప్రదేశ్ పర్యాటక ప్రాంతాల వెనకున్న లెక్క

క్లుప్తంగా: ఆంధ్రప్రదేశ్‌లో పేరున్న ప్రదేశాల్లో చాలావరకు నీళ్లు చెక్కినవో, నీళ్లలో మునిగి తేలేవో, నీళ్లొస్తే తప్ప కళ రానివో. రాష్ట్రంలో వానలు రెండు విడతలుగా, ఒక్కో ప్రాంతంలో ఒక్కో నెలలో పడతాయి. దానికి తోడు జలాశయాల గేట్లు, కాలువల లెక్క వేరే ఉంటుంది. అందుకే "అక్టోబరు నుంచి మార్చి దాకా ఎప్పుడైనా వెళ్లొచ్చు" అన్న సలహా అన్నిచోట్లా పనికిరాదు. ఈ లెక్క ఎక్కడ ఎలా నడుస్తుందో, కొత్తగా వస్తున్న గుర్తింపులూ నిధులూ ఏం మార్చొచ్చో ఇక్కడ వివరంగా చూడొచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో చూడాల్సిన ప్రదేశాలు అని వెతికితే వచ్చే జాబితాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తిరుమల, అరకు, బొర్రా గుహలు, శ్రీశైలం, గండికోట, పాపికొండలు, లేపాక్షి, నాగార్జునకొండ. ప్రతి పేరు పక్కన ఓ మంచి ఫొటో, చివర్లో ఒక్క వాక్యం: వెళ్లడానికి అనువైన కాలం అక్టోబరు నుంచి మార్చి. చిక్కంతా ఆ ఒక్క వాక్యంతోనే. అది నమ్మి మార్చి చివర్లో తలకోన జలపాతం దగ్గరికి వెళ్తే బండ మీద సన్నటి ధార మాత్రమే కనపడొచ్చు. నవంబరులో సంగమేశ్వరం వెళ్తే గుడి ఉండాల్సిన చోట కనుచూపు మేర నీళ్లే ఉంటాయి. వెళ్లినవాళ్ల తప్పేం లేదు. జాబితా రాసినవాళ్లు ప్రదేశం పేరు రాశారు గానీ, అది ఏ నెలలో ఎలా ఉంటుందో, ఎందుకలా ఉంటుందో రాయలేదు.

పాత జాబితాలతో ఇంకో తికమక కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. దాంతో విశాఖ జిల్లా అని రాసి ఉన్న అరకు, బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి, అనంతపురం జిల్లా లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, కర్నూలు జిల్లా బెలుం గుహలు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. బస్సుకో గదికో వెతికేటప్పుడు ఇది తెలియకపోతే ఊరికే తిప్పలు.

రాష్ట్రం ఒకటే, వానాకాలాలు రెండు

ఉత్తరాంధ్రకు, గోదావరి జిల్లాలకు ప్రధానంగా వానలిచ్చేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే నైరుతి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు. అరకు దారిలో వాగులూ జలపాతాలూ ఆగస్టు, సెప్టెంబరుల్లో నిండుగా ఉంటే, శేషాచలం అడవుల్లోని తలకోన నవంబరు, డిసెంబరుల్లో కళకళలాడుతుంది. 270 అడుగుల ఎత్తు నుంచి పడే ఈ జలపాతాన్ని రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైనదిగా చెప్తారు. కానీ దాని ఎత్తు ఎప్పుడూ అంతే ఉంటుంది, ధారే నెలనెలకీ మారుతుంది.

ఈశాన్య రుతుపవనాల కాలమే బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టే కాలం కూడా. అంటే జాబితాలు "మంచి సీజన్" అని చెప్పే అక్టోబరు, నవంబరు నెలలే తీరం పొడవునా ప్రయాణాలు రద్దయ్యే అవకాశం ఎక్కువున్న నెలలు. వాయుగుండం వార్త వచ్చిందంటే విశాఖ, భీమిలి బీచ్‌ల కోసం పెట్టుకున్న ప్లాన్ పక్కన పెట్టుకోవాల్సిందే.

మునిగి తేలే గుడి

నీళ్ల లెక్కను అన్నిటికంటే స్పష్టంగా చూపించేది నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి కలిసే చోటని దీన్ని సప్తనదీ సంగమం అంటారు. గుడిలో ఉన్నది వేపచెట్టు మొద్దుతో చేసినదని చెప్పే లింగం. 1980ల తొలినాళ్లలో శ్రీశైలం జలాశయం నిండడం మొదలైనప్పటి నుంచి ఈ గుడి ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల కిందే ఉంటోంది.

శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం దిగుతున్నకొద్దీ ముందు శిఖరం కనపడుతుంది, తర్వాత గోడలు, దాదాపు 840 అడుగుల దగ్గరికొచ్చాక గర్భగుడి. అప్పుడు పేరుకున్న బురద తీసి, కడిగి, లింగానికి పూజలు మొదలుపెడతారు. వేసవి అంతా పూజలు జరుగుతాయి. మళ్లీ ఎగువ నుంచి వరద వచ్చిందంటే నీళ్లు మెట్లెక్కుతూ గుడిలోకి వస్తాయి. చివరి హారతి ఇచ్చి పూజారులు బయటికొచ్చేస్తారు, తర్వాత పడవలో వచ్చినవాళ్లకు శిఖరం ఒక్కటే కనపడుతుంది, కొద్ది రోజులకు అదీ ఉండదు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. శ్రీశైలంలో 854 అడుగుల మట్టం కిందికి నీళ్లు దిగితే జలాశయానికి ఉన్న పోతిరెడ్డిపాడు తూము ద్వారా రాయలసీమకు నీళ్లు తీసుకోవడం కష్టమవుతుంది. అందుకే ఆ మట్టం మీద రెండు రాష్ట్రాల మధ్య ఏటా మాటామాటా నడుస్తుంటుంది. సంగమేశ్వరుడు పూర్తిగా బయటపడాలంటే నీళ్లు అంతకంటే కిందికి దిగాలి. కరెంటు కోసం, సాగు కోసం, తాగునీటి కోసం ఎవరు ఎంత వాడారన్న దాన్ని బట్టే ఆ ఏడాది దర్శనం ఎన్ని రోజులో తేలుతుంది. పంచాంగంలో వెతికితే ఆ తేదీలు దొరకవు. పత్రికల్లో రోజూ వచ్చే జలాశయాల నీటిమట్టాల పట్టికలో దొరుకుతాయి.

గేట్లెత్తితే జాతరే

అదే శ్రీశైలం డ్యాము దగ్గర నిలబడి చూస్తే కథ తిరగబడుతుంది. ఇక్కడ జనం ఎదురుచూసేది మట్టం 885కి చేరడం కోసం. డ్యాముకు ఉన్న 12 గేట్లలో కొన్ని ఎత్తారని తెలిస్తే చాలు, ఘాట్ రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ కార్లు బారులు తీరతాయి. ఆ రోజు ఎప్పుడొస్తుందో ఉజ్జాయింపుగా ముందే పట్టుకోవచ్చు. కృష్ణలో వరద ఎగువనున్న ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల డ్యాములు దాటుకుని వస్తుంది, తుంగభద్ర నీళ్లు సుంకేసుల బ్యారేజీ మీదుగా కలుస్తాయి. జూరాల నుంచి పెద్ద ఎత్తున వదులుతున్నారని, శ్రీశైలం అప్పటికే నిండుకు దగ్గరగా ఉందని వార్త వస్తే గేట్లు ఎత్తడం ఇక రోజుల్లో పని. ఆ తర్వాత వంతు 26 గేట్లున్న నాగార్జునసాగర్‌ది, దాని తర్వాత పులిచింతల, ఆఖరికి 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ. మామూలుగా ఇది జులై ఆఖరు నుంచి అక్టోబరు మధ్య జరుగుతుంది. వానలు సరిగా లేని ఏడాది అసలు జరగకపోవచ్చు కూడా.

శ్రీశైలంలో మల్లికార్జున స్వామి దర్శనానికి ఏడాదంతా వెళ్లొచ్చు గనక చాలామంది గుడినీ, గేట్లనూ ఒకే ప్రయాణంలో చూడాలనుకుంటారు. గేట్లెత్తిన శని, ఆదివారాల్లో వెళ్తే రెంటికీ వచ్చే రద్దీ ఒకే ఘాట్ రోడ్డు మీద పడుతుంది. నీళ్లు వరసగా కొన్ని రోజులు వదులుతారు కాబట్టి మధ్యలో ఓ మంగళవారమో బుధవారమో చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

సాగర్ జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండను ద్వీపం అనుకుంటారు. నిజానికి అది ఒక కొండ శిఖరం. దాని చుట్టూ ఉన్న లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, స్తూపాలు, విహారాలు ఉండేవి. 1955లో డ్యాముకు శంకుస్థాపన జరిగింది. లోయ మునగబోతోందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు చేసి, ముఖ్యమైన కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీద తిరిగి కట్టారు. ఇంకొన్నిటికి నమూనాలు ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. అక్కడికి వెళ్లి "ఇదేంటి, ఇటుకల దిమ్మెలే కదా" అని తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ. ఆ దిమ్మెలు పుట్టిన చోటు పడవ కింద ఉందని, పైనున్నవి తరలించి పేర్చినవని తెలిస్తే చూపు మారుతుంది. పడవ నీటిమట్టాన్ని, గాలిని, వచ్చిన జనాన్ని బట్టి నడుస్తుంది. భారత పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. ఈ రెండూ కనుక్కోకుండా బయల్దేరితే ఒడ్డు నుంచే తిరిగి రావాల్సి ఉంటుంది.

గండికోట అడుగున పారేది ఎవరి నీళ్లు?

గండి అంటే కొండను చీల్చుకుని నది వెళ్లే సందు. ఎర్రమల కొండల్ని పెన్న అలా చీల్చిన చోట, అంచు మీద కట్టింది గండికోట. ఈ బండ వంద కోట్ల ఏళ్లకు పైబడిన పాత ఇసుకరాయి, ఒత్తిడికి గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. పొరలు పొరలుగా పేర్చినట్టుండి, నిలువునా పగుళ్లు ఉంటాయి. నది అడుగును కోస్తూ పోయినకొద్దీ ఆ పగుళ్ల వెంబడి రాయి దిమ్మెలు దిమ్మెలుగా విరిగి పడుతుంది. గోడలు ఏటవాలుగా కాకుండా కత్తితో కోసినట్టు నిటారుగా కనపడటానికి అదే కారణం. అంచున కూర్చుని చూస్తే ఎవరో ఎర్రటి పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, కొన్నిటిని బయటికి లాగి వదిలేసినట్టు ఉంటుంది. గాలి ఎక్కువ, కంచె లేని చోట్లు ఎక్కువ, ఫొటో కోసం చివరి దిమ్మె ఎక్కడం ఎంత మాత్రం మంచిది కాదు.

దీన్ని భారతదేశపు గ్రాండ్ కెన్యన్ అని ప్రచారం చేస్తుంటారు. పోలిక ఆకారంలో కొంత ఉంది గానీ కొలతలో లేదు. అమెరికాలోది లోతు సుమారు ఒక మైలు, పొడవు నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. గండికోట దగ్గర లోతు మూడు వందల అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. ఆ పేరు విని వెళ్లినవాళ్లు చిన్నదే అనుకుంటారు, పేరు మర్చిపోయి వెళ్లినవాళ్లకు నచ్చుతుంది. అంచు మీదే ఓ కోట, లోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చూసేంత దూరంలో ఉండటం గ్రాండ్ కెన్యన్‌లో లేనిది.

ఇక నీళ్ల సంగతి. పెన్న సొంతంగా ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉండే నది. గండికి ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం ఉంది, దిగువన మైలవరం జలాశయం ఉంది. ఎగువ జలాశయానికి వచ్చేవి ఎక్కువగా కృష్ణా వరద నీళ్లు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో ప్రయాణించి వస్తాయి. అంటే ఫొటోల్లో కోట కింద మెరిసే ఆకుపచ్చ నీళ్లలో పశ్చిమ కనుమల్లో పడ్డ వాన కూడా ఉంటుంది. ఇప్పుడు సంగమేశ్వరంతో కలిపి చూడండి. శ్రీశైలం మట్టం దిగి గుడి బయటపడ్డ నెలల్లో గండికోటకు కృష్ణా నీళ్లు రావు. శ్రీశైలం నిండి గుడి మునిగాక కాలువ పారుతుంది. ఒకటి కనపడే కాలంలో రెండోదానికి నీళ్ల కళ తగ్గుతుంది. రెండూ ఒకే సీమలో ఉన్నాయి, ఒకే వారంలో చూసేద్దాం అనుకునేవాళ్లకు ఇది ముందే తెలియాలి.

కారే చుక్క, పారే ఏరు

గండికోట నుంచి రోడ్డు మీద గంటన్నర, రెండు గంటల దూరంలో బెలుం గుహలుంటాయి. కొలిమిగుండ్ల దగ్గర చదునైన చేలు, నాపరాళ్ల గుట్టలు, కొండ అనేదే దగ్గర్లో లేదు, ఆ నేల మధ్యలో ఓ పెద్ద గొయ్యి. మెట్లు దిగితే అదే గుహ ద్వారం. బిలం అన్న మాటే బెలుం అయిందంటారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర మేర సందర్శకులకు తెరిచారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశారు, 1980ల మొదట్లో జర్మనీ బృందం లోపలంతా కొలిచింది, 2002లో పర్యాటకులకు తెరిచారు.

బొర్రా చూసినవాళ్లు బెలుం వెళ్లి నిరాశపడటం, బెలుం చూసినవాళ్లు బొర్రా వెళ్లి "ఇంతేనా లోపలికి" అనడం మామూలే. రెండూ సున్నపురాయి గుహలే, రెంటినీ నీళ్లే చేశాయి, కానీ పని వేరు. వాన నీళ్లు నేలలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతాయి. ఆ నీళ్లు సున్నపురాయిని కరిగిస్తాయి. బెలుంలో ఒకప్పుడు భూమి కింద ఏరే పారింది. అది కరిగిస్తూ, ఒరిపిడి పెడుతూ పోవడంతో సన్నటి పొడవైన దారులు, నున్నటి వంపు గోడలు మిగిలాయి. వంగి నడవాల్సిన చోట్లున్నాయి, ఉక్కపోత ఎక్కువ, అందుకే బయటి గాలిని లోపలికి పంపే ఏర్పాటు చేశారు. పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు, అక్కడ నీళ్లు ఇప్పటికీ బండలోకి జారి మాయమవుతాయి.

అనంతగిరి కొండల్లోని బొర్రాలో పెద్ద హాలు ముందు ఏర్పడింది, తర్వాత పైకప్పు నుంచి చుక్కలు కారడం మొదలైంది. కరిగిన సున్నాన్ని మోసుకొచ్చిన చుక్క గుహ గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది, సున్నం అక్కడే పేరుకుంటుంది. పైనుంచి వేలాడేది కిందికి, కింద పేరుకున్నది పైకి పెరుగుతాయి. శివలింగమనీ, తల్లీబిడ్డలనీ భక్తులు పేర్లు పెట్టుకున్నవన్నీ అలా తయారైనవే. తాకితే చేతి జిడ్డు అంటుకుని ఆ చోట సున్నం పట్టదు, ఎక్కువసేపు వెలిగే లైట్ల చుట్టూ పాచి పెరుగుతుంది. వేల ఏళ్ల పనిని ఆపడానికి ఒక్క సెలవు రోజు జనం చేతులు చాలు. నడవడానికి ఇబ్బంది పడే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రెంటిలో ఏది అని అడుగుతుంటారు. బొర్రాలో చోటు విశాలం గానీ మెట్లు చాలా ఉన్నాయి, బెలుంలో ఎక్కిదిగడం తక్కువే గానీ వంగడం, చెమట ఎక్కువ.

పాపిడి వెడల్పవుతోంది

తూర్పు కనుమల మధ్య గోదావరి సన్నగా సాగే దృశ్యం తలలో తీసిన పాపిడిలా ఉంటుందని పాపిడి కొండలు, అదే పాపికొండలు అయిందంటారు. కిలోమీటర్ల వెడల్పున పారే నది ఇక్కడ ఒక్కసారిగా ఇరుకవుతుంది. అదే నీరు తక్కువ చోటులోంచి పోవాలి కాబట్టి లోతూ, వేగమూ పెరుగుతాయి, వరదలో సుడులు లేస్తాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో వెళ్తున్న పర్యాటక బోటు మునిగి పదుల మంది చనిపోయారు. ఆ తర్వాత బోట్లు చాలాకాలం ఆగాయి. ఇప్పుడు వరద సూచన రాగానే ఆపేస్తారు. నది నిండుగా ఉన్నప్పుడు అందంగా ఉంటుంది కదా అని ఆగస్టులో వెళ్లాలనుకోవడం ఇక్కడ కుదరదు. నవంబరు తర్వాతే సరైన కాలం.

ఈ దృశ్యం మీద అన్నిటికంటే పెద్ద ప్రభావం పోలవరానిది. 48 గేట్ల ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నిలపాలన్నది ప్రణాళిక. డ్యాము దిగువన, కొండలు ఎగువన ఉన్నాయి గనక వెనక్కి తన్నే నీళ్లు ఈ ఇరుకులోనే నిలుస్తాయి. అప్పుడు ఇసుక తిన్నెలు మునుగుతాయి, ఒడ్డు కొండ మీదికి జరుగుతుంది, ప్రవాహం నెమ్మదించి నది సరస్సులా మారుతుంది. కొండ ఎత్తు తగ్గకపోయినా నీళ్ల మీంచి చూసేవాళ్లకు తగ్గినట్టే ఉంటుంది. పడవ ప్రయాణం కొంత నిమ్మళమయ్యే అవకాశం ఉంది, పాపిడి మాత్రం వెడల్పవుతుంది. ఆ ఒడ్డున తరతరాలుగా బతికిన గిరిజన గ్రామాలు ఇళ్లు వదిలి కదలాల్సి రావడం ఈ మార్పులో అన్నిటికంటే బరువైన భాగం. అందం తగ్గుతుందా పెరుగుతుందా అన్న చర్చ దాని తర్వాతే.

తెల్లారేలోపు మాయమయ్యే సముద్రం

పాడేరు దగ్గరి వంజంగి పేరు కొన్నేళ్ల కిందట పెద్దగా ఎవరికీ తెలియదు. కొండ మీద నిలబడితే కింద లోయ నిండా తెల్లటి మేఘాలు పరుచుకున్న ఫొటోలు తిరిగాక శీతాకాలం శనివారం రాత్రుళ్లు అక్కడ వాహనాలు ఆపడానికి చోటుండదు. అయితే వెళ్లిన ప్రతివాళ్లకూ ఆ పాలసముద్రం కనపడదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది, నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి లోయలోకి దిగుతుంది, అందులోని తేమ మంచుగా మారుతుంది. కొండ మీదున్నవాళ్లు ఆ పొరకు పైన ఉంటారు కాబట్టి అది సముద్రంలా ఉంటుంది. రాత్రి మబ్బు పట్టినా, గాలి గట్టిగా వీచినా ఆ పొర కట్టదు. కట్టినా ఎండెక్కగానే కరిగిపోతుంది. అందుకే నవంబరు నుంచి జనవరి దాకా, రెండు మూడు రోజులు పొడిగా ఉన్న తర్వాత, సూర్యోదయానికి ముందే పైకి చేరినవాళ్లకు అవకాశం ఎక్కువ. లంబసింగిలోనూ ఇదే సూత్రం, తేడా ఏమిటంటే అక్కడ మీరు మంచు లోపల ఉంటారు.

అరకు రైలు గురించి ఒక్క మాట. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు తేవడానికి 1960ల్లో వేసిన లైను అది. అద్దాల పెట్టె 2017లో వచ్చింది. సొరంగాలూ లోయలూ వెలుతురులో చూడాలంటే విశాఖ నుంచి పొద్దున బయల్దేరే రైలే నయం.

పక్షులకు మోకాలి లోతే ముఖ్యం

పులికాట్‌లో రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, ఎప్పుడొస్తాయో కూడా నీళ్ల లోతే తేలుస్తుంది. అవి నిలబడి తల కిందికి వంచి బురదనీళ్లను ముక్కుతో వడగట్టి తింటాయి కాబట్టి లోతు ఎక్కువైతే వాటికి పనికిరాదు. ఈశాన్య వానలతో సరస్సు నిండి, తర్వాత నెమ్మదిగా మట్టం దిగేటప్పుడు అంచుల వెంబడి చేరతాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ శీతాకాలంలో పెట్టడానికి ఇదే ఆధారం. పక్కనే ఉన్న నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలబడి పెరిగే చెట్ల మీద గూళ్లు కడతాయి, చెరువు ఎండితే ఆ ఏడాది గూళ్లు తక్కువ. కొల్లేరు 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. చేపల చెరువుల ఆక్రమణలు, వాటిని 2006లో కూల్చేయడం, మళ్లీ రావడం తెలిసిన కథే. ఆటపాక దగ్గర గూడబాతులు చూడటానికి డిసెంబరు, జనవరి మంచివి.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక కూడా స్థిరం కాదు. నైరుతి కాలంలో అలలు తీరం వెంబడి ఇసుకను ఉత్తరానికి మోస్తాయి, ఓడరేవు గోడలు దాన్ని మధ్యలో ఆపేస్తాయి, అటువైపు బీచ్ కోతకు గురవుతుంది. అందుకే పోర్టు డ్రెడ్జింగ్ ఇసుకను మళ్లీ బీచ్‌లో పోస్తుంటారు. పైకి ప్రశాంతంగా కనపడే చోట కూడా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి గనక అక్కడ ఈతకు దిగడం ప్రమాదం. 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూసి, ఒడ్డున నడిచి రావడం వరకే మంచిది.

గుర్తింపు వస్తే ఏం మారుతుంది?

వార్తల్లో ఎక్కువ తికమక పెడుతున్నది యునెస్కో జాబితా. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటిదాకా ప్రపంచ వారసత్వ ప్రదేశం ఒక్కటీ లేదు. తెలంగాణలోని రామప్ప 2021లో ఆ హోదా పొందింది. ఇక్కడివి తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో చేరాయి. తిరుమల కొండలు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు 2025 సెప్టెంబరులో సహజ వారసత్వ విభాగంలో చేరాయి. తాత్కాలిక జాబితా అంటే ముందుముందు ప్రతిపాదిస్తామని దేశం ఇచ్చిన పేర్ల పట్టిక. అందులో కనీసం ఏడాది ఉన్నాకే పూర్తి ప్రతిపాదన పంపాలి, ఒక దేశం ఏడాదికి ఒక్కటే పంపగలదు. వరసలో దేశం మొత్తం నుంచి పదుల పేర్లున్నాయి.

తిరుమల విషయంలో గుర్తింపు గుడికి అనుకుంటారు. నిజానికి అది రాళ్ల వయసుకు. ఘాట్ రోడ్డు పక్కన సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద, సుమారు 160 కోట్ల ఏళ్ల నాటి క్వార్ట్‌జైట్ నేరుగా కూర్చున్న గీత కనపడుతుంది. మధ్యలో దాదాపు 90 కోట్ల ఏళ్ల చరిత్ర లేదు, కొట్టుకుపోయింది. కొండ మీద శిలాతోరణం కూడా ఆ పై రాయిని గాలి, నీళ్లు తొలిచి చేసిందే. రోజూ వేలమంది ఆ మలుపులు దాటుతారు, ఆగి చూసేది చాలా కొద్దిమంది.

డబ్బు విషయానికొస్తే, 2024 నవంబరులో కేంద్రం గండికోటకు 77.91 కోట్లు, రాజమహేంద్రవరంలో 1900 నాటి హేవలాక్ వంతెన చుట్టూ రూపొందించిన అఖండ గోదావరి ప్రాజెక్టుకు 94.44 కోట్లు మంజూరు చేసింది. ఇది ఊరికే ఇచ్చిన గ్రాంటు అనుకుంటున్నవాళ్లు చాలామంది. నిజానికి ఈ నిధులిచ్చిన కేంద్ర పథకం కింద రాష్ట్రాలకు వచ్చేది 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు. 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా కూడా ఇచ్చారు, అంటే కరెంటు చార్జీల్లాంటి వాటిలో హోటళ్లకు వెసులుబాటు దొరుకుతుంది. దాంతో గదులు పెరుగుతాయి. ఇప్పటిదాకా గండికోటకు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లు రాత్రి ఉంటారు, ఊళ్లో తిండికీ, ఆటోలకూ గిరాకీ వస్తుంది. ఇంకోవైపు వాళ్లందరికీ తాగునీళ్లు, చెత్త ఎత్తడం, మరుగుదొడ్లు కావాలి. వంజంగిలో ఇవేవీ లేకుండానే జనం ముందు వచ్చేశారు, ప్లాస్టిక్ కొండ మీద మిగిలింది. వసతి ముందు, ప్రచారం తర్వాత అన్న వరస పాటిస్తేనే ఈ ఖర్చుకు అర్థం ఉంటుంది.

అన్నిటికంటే సున్నితమైనవి ఎర్రమట్టి దిబ్బలే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, రోడ్డుకూ సముద్రానికీ పక్కనే ఉంటాయి. హిమయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు పోసింది, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది, వానలు దాన్ని సందులు సందులుగా కోశాయి. 2014లోనే దీన్ని జాతీయ భూ వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. దూరం నుంచి రాతిగుట్టల్లా ఉంటాయి, దగ్గరికెళ్లి గోటితో గీస్తే పొడిపొడిగా రాలుతుంది. ఆ గోడల అంచు మీద ఒకళ్లు నడిచిన చోట తర్వాతి వానకు కొత్త చీలిక పడుతుంది, అందుకే సందుల అడుగున ఉన్న ఇసుక బాట మీంచే నడవమని అక్కడ చెప్తుంటారు.